ఐదో ఎందుకు

ఐస్‌క్రీం ఫ్యాక్టరీ పైఅంతస్తులో మీటింగు గది. మంగళవారం ఉదయం, పదకొండు దాటి పది నిమిషాలు. బల్ల చుట్టూ ముగ్గురు: మేనేజరు, కోల్డ్‌రూమ్ మెకానిక్, స్టోరు చూసే అక్క.

“...అందుకే ఎవరి మీదా వేలు చూపించొద్దంటున్నాను. ఇక్కడ దోషులెవరూ లేరు. మనమంతా ఒక టీమ్.”

“మరి నన్ను పనిలోంచి తీసేసే కాగితం బల్ల మీద ఎందుకుంది సార్?”

“అది ప్లాన్ బి. దాన్ని చూడకు, బోర్డు చూడు. వరసగా మూడు మంగళవారాలు కోల్డ్‌రూమ్‌లో సరుకంతా కరిగి నీళ్లైంది. ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడిగితే ఎంత మొండి సమస్యైనా కాళ్లబేరానికొస్తుంది. ఐదోదానికి నువ్వు జవాబు చెప్పలేకపోతే, ప్లాన్ బి.”

“సార్, నేనొక మాట...”

“అక్కా, నువ్వు టైమ్ కీపర్‌వి. టైమ్ కీపర్ గంట కొట్టాలి, అభిప్రాయాలు చెప్పకూడదు. రూలు గోడ మీదుంది.”

“అభిప్రాయం కాదు సార్, ఆ తలుపు...”

“గంట!”

“...కొట్టాను.”

“మొదటి ఎందుకు. ఐస్‌క్రీం ఎందుకు కరిగింది?”

“చల్లదనం పోయింది సార్.”

“భేష్. ఎందుకు పోయింది?”

“తలుపు తెరుచుకుని ఉంటుంది. మెషీన్ మాత్రం గుర్రంలా ఉంది, కావాలంటే రీడింగులు చూసుకోండి.”

“తలుపు ఎందుకు తెరుచుకుంది?”

“స్ప్రింగు చచ్చింది. మూసినా దానంతటదే వెనక్కొస్తుంది.”

“మరి ఎందుకు మార్చలేదు? ఇది నాలుగోది. జాగ్రత్తగా చెప్పు.”

“నెల కిందటే కొత్తది కావాలని రాసిచ్చాను. ఒక్కరే నిర్ణయం తీసుకోకూడదు, మంగళవారం మీటింగులో అందరం చేతులెత్తి తేల్చాలని మీరే అన్నారు.”

“అన్నాను. టీమ్ అంటే అదే. తేల్చాం కదా?”

“ఎక్కడ తేల్చాం సార్! మొదటి వారం టీమ్‌కి పేరు పెట్టడంతోనే సరిపోయింది. తర్వాత రెండు వారాలూ ఐస్‌క్రీం కరిగిందని దాని మీదే చర్చ.”

“అహా! ఇప్పుడు దొరికావు. స్ప్రింగు నెల నుంచీ చచ్చే ఉంది కదా? సోమవారం కరగదు, బుధవారం కరగదు. మంగళవారమే ఎందుకు కరుగుతోంది? మంగళవారం పొద్దున్నే లోపలికెళ్లి మెషీన్ విప్పేదెవరు?”

“నేనే. కానీ...”

“కానీ లేదు, అర్ధణా లేదు. ఇదే ఐదో ఎందుకు. చెప్పు.”

“...తెలీదు సార్. అమ్మతోడు, తెలీదు.”

“అయితే సంతకం పెట్టు. ఇదిగో పెన్ను.”

“సార్, గంట కొట్టేశాను. టైమైపోయింది. అంటే ఇప్పుడు నేను టైమ్ కీపర్‌ని కాదు. మాట్లాడొచ్చా?”

“రెండు ముక్కల్లో చెప్పు.”

“మిగతా రోజుల్లో ఆ తలుపు తెరుచుకోదు. నేను స్టూలేసుకుని దానికి వీపు ఆనించి కూర్చుంటాను.”

“నువ్వా? నెల నుంచీనా?”

“నడుం కూడా పట్టేసింది.”

“మరి మంగళవారం నీకేమొచ్చింది?”

“మంగళవారం పదకొండింటికి టీమ్ మొత్తం పైకి రావాలన్నారుగా. ఇక్కడికొచ్చి గంట కొడుతున్నాను.”

“ఈ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!”

“చెప్పబోతే ‘ఏదున్నా మీటింగులోనే’ అన్నారు. మీటింగులోనేమో గంట కొట్టమన్నారు.”

“కనీసం ఇతని చెవిలోనైనా...”

“సమస్య గురించి బయట గుసగుసలాడకూడదని రూలు. అదీ గోడ మీదే ఉంది.”

“అక్కా, ఒక్క నిమిషం. ఇప్పుడు తలుపు దగ్గర ఎవరున్నారు?”

“నువ్విక్కడ, నేనిక్కడ, సారిక్కడ. ఇంకెవరుంటారు తమ్ముడూ?”

“ఆగండి! లేవకండి! మధ్యలో వెళ్లకూడదు. ముందు స్ప్రింగు కొనాలా వద్దా, చేతులెత్తండి. ఊఁ... ఇద్దరు. నేను తటస్థం. సరే, తీర్మానం నెగ్గింది. కొత్తది రావడానికి పది రోజులు పడుతుంది. చూశారా, పద్ధతి ఎలా పనిచేసిందో!”

“సార్, ఆ కాగితం ఇలా ఇవ్వండి.”

“ఏది, ప్లాన్ బీనా? ఇంకా అది ఎందుకయ్యా నీకు?”

“మూడు పేజీలుంది కదా సార్. నాలుగు మడతలు పెట్టి, తలుపు మూసి కింద దోపితే తెరుచుకోకుండా ఉంటుంది. మంగళవారం కూడా.”