మధ్యలో తెలుపు

మళ్లీ అదే ప్రశ్నా? పొద్దున్నుంచీ ఇది మూడోసారి, డెనీస్! తెలుపా, నీలమా అని నెత్తిమీద కూర్చుంటే నేనేం చెప్పను? ప్రింటు కొట్టేది నువ్వు, బొమ్మ వేసింది మా ఆవిడ మార్లిస్. నేను నలభై ఏళ్లు డులూత్ రేవులో ఓడలకి ఇనప ఖనిజం ఎత్తినవాణ్ణి.

సరే, సరే. కోపం నీ మీద కాదమ్మా. ఆ కాఫీ ఇటివ్వు.

అసలు ఈ రేకేమిటి చెప్పు? గీతలు పడేలా రుద్దిన అల్యూమినియం... మా వంటింట్లో ఫ్రిజ్ తలుపులా ఉంది. తన బొమ్మని దీని మీద ప్రింటు కొట్టిస్తే మార్లిస్ నన్ను ఇంట్లోకి రానిచ్చేదా? గోడకి పెట్టుకోడానికి లైబ్రరీ వాళ్లకి ఇదే కావాలట. తడిసినా పాడవదట. తడవడం గురించి నాకు చెప్పాలా!

జనవరిలో చేపలు పడదామని రెండు రోజులు గడ్డకట్టిన సరస్సు మీదికి పోయాను. ఇంట్లో నీళ్ల గొట్టం గడ్డకట్టి పగిలింది. వచ్చేసరికి బొమ్మ రంగులన్నీ కారిపోయి, గుడ్డ ముద్దై వేలాడుతోంది. తను పోయి అప్పటికి ఏడు నెలలు. తను వేసినవాటిలో మిగిలింది అదొక్కటే, తెలుసా? మిగతావన్నీ తనే చించేసింది.

ఇక ఉన్నదల్లా ఈ ఫొటో. ఇన్సూరెన్సు మనిషి ఎప్పుడో తీశాడు. బొమ్మలో మనిషీ లేడు, చెట్టూ లేదు, అన్నీ రంగులే. సరిగ్గా మధ్యలో పళ్లెమంత తెలుపు. అది మార్లిస్ వేసిందో, కెమెరా ఫ్లాష్ మెరుపో నీకు తేలడం లేదు. వేసిందే అంటే తెల్ల సిరా పోస్తావు. మెరుపే అంటే చుట్టూ ఉన్న నీలాన్ని అక్కడికీ లాగుతావు. ఏదీ వెయ్యకపోతే ఉత్త రేకు కనిపిస్తుంది. అంతేగా?

అలా చూడకు. శుక్రవారానికి గోడ ఎక్కాలని నాకూ తెలుసు.

పిల్లలా? మాకు లేరు. తన స్నేహితులా? ఇంటికి ఎవరొచ్చేవాళ్లు, నేను రానిస్తేగా!

ఏమన్నావ్? ముప్ఫై ఏళ్లు కళ్లెదుట ఉన్నదే కదా, గుర్తు లేకపోవడమేమిటంటావా?

తలుపు వెయ్యి. ముందు వెయ్యమ్మా, చెప్తాను.

అది భోజనాల బల్ల దగ్గర, నా కుర్చీ వెనక గోడకి ఉండేది. రోజూ దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. అక్కణ్ణించైతే టీవీ కనిపించేది మరి. ఓసారి, "ఆర్విడ్, మధ్యలో కాస్త మార్చాను, చూశావా?" అంది. బావుందన్నాను. తల తిప్పకుండానే అన్నాను.

తను ఎదురుగా కూర్చుని, నా భుజం మీదుగా దాన్నే చూస్తూ తినేది. నన్ను చూస్తోందనుకున్నాను, డెనీస్. ముప్ఫై ఏళ్లూ అలాగే అనుకున్నాను.

రేకే వదిలెయ్. అక్కడేముందో వాళ్లాయనకే తెలీదట అని ఊరంతా అనుకుంటే అనుకోనీ.