ఏ రష్యా?

— మామా, రష్యాల కట్టుబడి పని ఉన్నదట. పోదామనుకుంటున్న. నువ్వు రష్యావోళ్ళుండే బిల్డింగుల చేసినవు గద, ఎట్లుంటదే ఆ దేశం?

ఏ రష్యా, శ్రీకాంతూ?

నవ్వకు. ఉత్తగ అడుగుతలేను. కూసో, ఆ కుర్చీ ఇట్ల గుంజుకో, ఏసీ గాలి సక్కగ తాకుతది. అల్ వర్సాన్ నుంచి గీ ఎండల బస్సుల మీద వచ్చినవు, ముందుగాల నీళ్ళు తాగు. చాయ్ పెడత. నా రూం ఎంతుంటది, రెండడుగులేస్తే పొయ్యి, మూడేస్తే మంచం. దుబాయ్ సత్వాల నాతూరు రూంలన్నీ గింతే. బిల్డింగు కావలోన్ని ఇక్కడ నాతూర్ అనే అంటరు గద, ఇరవై తొమ్మిదేండ్ల సంది నా పేరు గదే అయింది. మీ అమ్మ పెండ్లికి నేను రాలే, గప్పుడే కొత్తగ దిగిన, సెలవియ్యలే. ఇప్పటికీ ఎత్తిపొడుస్తది చెల్లె. ఫోన్ల మొదటి మాట అదే... సరే, అది ఇడిసిపెట్టు.

నీ కాయిదం సూపియ్యి. ఆఁ. "కట్టుబడి హెల్పర్. పని చేసే జాగ: రష్యా." గంతేనా? ఎనకపక్క ఏమన్న ఉన్నదా? లేదు. ఊరు పేరే లేదు. ఏజెంటుకు పాస్‌పోర్టు ఎప్పుడియ్యాలె? గురువారమా. ఇయ్యాల ఆదివారం, టైముంది. చాయ్ మరిగేదాక నా నౌకరి పోవాల్సిన ముచ్చట చెప్త, విను.

గప్పుడు నేను మెరీనా దిక్కు పెద్ద బిల్డింగుల ఉంటి. కరోనా తగ్గింది, రష్యా లడాయి మొదలైంది, అక్కడోళ్ళు ఇటు రావట్టిరి, ఇగ సూడు, లిఫ్టు ఎక్కినా దిగినా రష్యా మాటనే. కింద బకాలా ఉండె, కిరాణం కొట్టు. కరీం భాయ్ సూసుకునేటోడు, నెల్లూరాయన. నాకూ ఆయనకూ ఒక ఆట. గేటుల మనిషి అడుగు పెట్టంగనే మొహం సూసి దేశం చెప్పాలె. ఓడినోడు చాయ్ తాగియ్యాలె. మిస్రీ ఎవరు, సూరీ ఎవరు, ఫిలిప్పీను ఎవరు, నేపాల్ ఎవరు, నేను నడకల్నే చెప్తుంటి. చాయ్ అర్ధ దిర్హం ఉన్నప్పటి సంది ఆడుతున్న ఆట అది. కాదు కాదు, అర్ధ దిర్హం ఇక్కడ సత్వాల ఉండె, మెరీనాల ఎన్నడూ లేదు.

రష్యావోళ్ళంటే నాకు అన్నిటికంటె అల్కగ ఉండె. తెల్లగ, ఎత్తుగ, బంగారు ఎంటికలు, నవ్వరు. ఖలాస్. ఒక్కసారి మాత్రం ఓడిన. శుక్రవారం నమాజ్ కాంగనే కరీం భాయ్ మీసాల కింద నవ్వుకుంట వచ్చిండు.

"రాజమల్లన్నా, చాయ్ బాకీ ఉండావు. నీ పదకొండో అంతస్తు రష్యాయన నా పక్కనే నమాజ్ చదివినాడు."

"రష్యావోడు నమాజేంది భాయ్, టర్కీవోడై ఉంటడు."

"టర్కీ లేదు, గిర్కీ లేదు. కజాన్ అంట వాళ్ళ ఊరు. తాతల నాటి నుంచీ ముసల్మానులేనంట. నువ్వు రష్యాని పూరా చూసేసినట్టు మాట్లాడతావేందబ్బా!"

చాయ్ తాగిచ్చిన గని, మనసుల ఒప్పుకోలే. ఒక్కడు అట్లుంటే ఉంటడు తియ్యి అనుకున్న. గప్పుడే బుద్ధి తెచ్చుకుంటే అయిపోతుండె.

జూన్ నెల. ఏడో అంతస్తుల ఒక మేడం ఉండె, ఆఫీసుకు పొద్దుగాల పోతే పొద్దుగూకినంక వస్తది. నల్లద్దాలు, నెత్తికి టోపీ, ఆమె మొహం నేను సక్కగ సూసింది లేదు. కిరాయిదార్ల పుస్తకంల ఆమె పేరు ముంగట రష్యా అని ఉండె, గంతే నాకు ఎరుక. ఆమె ఫోన్ చేసి చెప్పింది, "రాజ్, మా అమ్మ రష్యా నుంచి వస్తుంది, పన్నెండింటికి. తాళం నీ దగ్గరుంది గద. మంచిగ మీదికి తీస్కపో." సరే మేడం అన్న. ఇంకో ముచ్చట ఏందంటే, ఆ నెలనే నా వీసా రెన్యువల్. నాకప్పుడు అరవై దాటినయి. ముదీర్, అంటే మా మేనేజరు, అప్పటికే "రాజమల్లూ, ముసలోడివైతున్నవు" అని రెండుసార్లు అన్నడు. ఒక్క కంప్లయింటు పోతే నేను పెట్టె సర్దుకునుడే. అందుకే అంగీ గుండీలన్నీ పెట్టుకున్న, బూట్లు తుడుసుకున్న, పెద్ద గేటుకాడ మంత్రి వచ్చినట్టే నిలవడ్డ.

గప్పుడొక టాక్సీ వచ్చింది. దాంట్ల నుంచి చిన్న ముసలామె దిగింది. నా భుజం దాక గూడ లేదు. నెత్తికి పూల రుమాలు, చిన్న కండ్లు, గుండ్రటి మొహం, చేతుల తెల్ల థర్మకోలు పెట్టె. నేపాల్, అనుకున్న. అనుకునుడేంది, ఒట్టేసుకుంటుంటి. ఏ ఇంట్లనో పనికి వచ్చింది పాపం అనుకుని, పనోళ్ళ గేటు ఎనక ఉన్నదని హిందీల చెప్పిన, "దీదీ, కామ్‌వాలోంకా గేట్ పీఛే హై." ఆమె నవ్వింది, తల ఊపింది, నేను సూపిచ్చిన దిక్కు పెట్టె మోసుకుంట పోయింది. ఎంత మంచిగ దారి సూపిచ్చిన అని నేను గూడ సంబరపడ్డ.

పన్నెండున్నర అయింది. బంగారు ఎంటికలామె రాలేదు. మేడం ఫోను. "అమ్మ వచ్చిందా? ఆమె ఫోను పనిచేస్తలేదు." "ఇంకా రాలేదు మేడం, నేను గేటు కాడ్నే ఉన్న, కన్ను గూడ ఆర్పలే." గట్లనే అన్న, ఎంత ధీమాగ అన్ననో! మేడం అన్నది, "ఆగు, ఫొటో పంపుత."

గా నిమిషంల్నే కరీం భాయ్ చెత్త పారేసి ఎనకనుంచి వచ్చిండు. "అన్నా, ఎవురో నేపాల్ ముసలామె చెత్త రూము మెట్ల మీద కూర్చోనుండాది. పాపం, పెట్టెలోంచి నీళ్ళు కారతా ఉండాయి."

ఫోను టింగుమన్నది. తెరిసిన. పూల రుమాలు.

ఎట్ల ఉరికిన్నో నాకే తెల్వదు. అరగంట పైన అయింది, ఎండ నలభై ఐదు. ఆమె మొహం ఎర్రగ కమిలింది. పెట్టె నేనెత్తుకున్న, మీదికి తీస్కపోయిన, ఏసీ పెట్టిన, నీళ్ళిచ్చిన, చేతులు జోడిచ్చిన. మేడానికి ఫోన్ల ఉన్నదున్నట్టు చెప్పిన. అబద్ధం చెప్పబుద్ధి కాలే. ఆమె, "నేను వస్తున్న. వచ్చినంక ముదీర్‌తోని మాట్లాడుత" అన్నది. ఇగ పెట్టె సర్దుకునుడే అనుకున్న బిడ్డా.

పెట్టెల ఏమున్నదో ఎరికేనా? చేపలు. ఆమె ఊరి నది చేపలు, కట్టెల లెక్క గడ్డ కట్టినయి. వాటిని కరగకముందే కత్తితోని పల్చగ చెక్కి, పచ్చిగనే తింటరట. బిడ్డ మూడేండ్ల సంది ఆ చేప ముట్టలేదట. అందుకని ఇన్ని విమానాలు మారి, పైలంగ తెచ్చింది తల్లి. నా పుణ్యాన చెత్త రూం కాడ కరిగినయి. ఇగ పచ్చిగ తినరాదు.

మేడం వచ్చింది. నల్లద్దాలు తీసింది, గప్పుడు సూసిన, అదే గుండ్రటి మొహం. ఏడాది సంది రోజూ సలాం కొడుతున్న మొహం! ఏమంటదో అని తల దించుకున్న. తల్లీబిడ్డలు వాళ్ళ మాటల ఏదో అనుకున్నరు. అగ్గో, కరీం భాయ్‌ని సూడు, పిలవకముందే తలుపు కాడ నిలవడ్డడు. చేతుల చింతపండు, మిరపపొడి, ఉల్లిగడ్డలు.

"మేడం, కరిగిన చేపకి భయపడాల్సిన పన్లేదు. మాది నెల్లూరు."

ఆమెకు నెల్లూరంటే ఏమెరుక! గని ఆయన మొహంల ధీమా సూసి పక్కకు జరిగింది. గంటల పులుసు పెట్టిండు. వాళ్ళ వంటింట్ల గిన్నె లేకపోతే నా గిన్నె తెచ్చిన. అందరం కింద కూసున్నం. ముసలామె ఒక ముక్క నోట్ల పెట్టుకుంది. కండ్లపొంట నీళ్ళు కారినయి, కారానికో దేనికో తెల్వదు. ఇంకో ముక్క ఏసుకుంది. తర్వాత ఫోను తీసి దాంట్ల ఏదో మాట్లాడింది. ఆ ఫోను హిందీల పలికింది: "ఇది ఏ ఇండియా?"

కరీం భాయ్ ఛాతీ పొంగిచ్చి, "నెల్లూరు ఇండియా!" అన్నడు. ఆమె నా దిక్కు తిరిగి, "నీది?" అన్నది.

శ్రీకాంతూ, ఇన్నేండ్లల్ల నన్నెవ్వరు గట్ల అడగలే. వీసా ఇచ్చిన కఫీల్ హిందీ అన్నడు, పఠానులు మద్రాసీ అన్నరు, కొందరు మలబారీ అన్నరు. మలబారీ అంటే నాకు ఎంత మండుతుండెనో! నేను మాత్రం ఏం చేసిన? ఆమెకు అదే చేసిన. సిగ్గయింది. తెలంగాణ అన్న. మెట్‌పల్లి అన్న. పసుపు పంట అన్న. ఆమె ఫోన్ల నక్ష తీసి నా వేలు పట్టుకుని, ఎక్కడో సూపియ్యమన్నది. తర్వాత తనది సూపిచ్చింది. మాస్కో నుంచి వేలుతోని జరుపుతనే ఉన్నది, జరుపుతనే ఉన్నది, ఫోను పక్కలు దాటుతున్నది గని ఊరు రాదే! యాకుత్స్క్ అట. మాస్కో నుంచి విమానంల ఆరు గంటల పైన. మనం ఇక్కడి నుంచి హైదరాబాదు పోయినంక దగ్గర దగ్గర ఇంకో అంత దూరం పోవాలె, అదీ ఒక్క దేశంల్నే. అక్కడ పాలు పలకల లెక్క గడ్డ కట్టిచ్చి అమ్ముతరట. నేల లోపట ఏండ్ల నాటి మంచు. ఇల్లు ఎచ్చదనానికి నేల కరిగి కుంగుతదని బిల్డింగులు కంబాల కాళ్ళ మీద కడతరట. నువ్వు కట్టుబడికి అంటున్నవు గద, అందుకే చెప్తున్న.

మేడం ముదీర్‌కు ఫోన్ చెయ్యలే. "మా అమ్మ నీ మీద కోపం వద్దంటుంది, నాకైతే పోలేదు" అన్నది. గని గిన్నెల మిగిలిన పులుసు ఊడ్చి పెట్టుకుంది. నా వీసా ఇంకో రెండేండ్లకు రెన్యువల్ అయింది.

ఇగ అప్పటి సంది ఏ రష్యావోడు దొరికినా అదే అడుగుడు. ఒగాయనది ఉత్తరాన సముద్రం ఒడ్డు, ఎండకాలం అక్కడ పొద్దే గూకదట. దుబాయ్‌ల రోజూ చీకటి పడుతదని సంబరపడే మనిషిని ఆయన్నే సూసిన. ఒక పిల్లది దిగువ దిక్కు, అస్త్రఖాన్. వాళ్ళ ఊరు పుచ్చకాయలకే పేరట, మన బకాలా పుచ్చకాయ సూసి మూతి తిప్పింది. వాళ్ళ కాడ ఎండకాలం నలభై డిగ్రీలట. ఒక్క పేరు, ఇన్ని ఊర్లు.

ఇగో, చాయ్ తాగు. తాగుకుంట ఏజెంటుకు ఫోన్ కొట్టు. ఇప్పుడే. ఊరు పేరడుగు. లడాయికి దగ్గరనా, దూరమా అడుగు. ముందు అదే అడుగు.

...ఏమన్నడు? "అక్కడ దిగినంక చెప్తరు, అంతా ఒకటే" అన్నడా? ఆహా. నేను గూడ గేటుకాడ గట్లనే అనుకున్న.

— ఊరు పేరు కాయిదం మీద వచ్చేదాక పాస్‌పోర్టు ఇయ్య మామా.

ఇయ్యకు. గురువారం దాటితే దాటనియ్యి. పేరొస్తే నాకు చెప్పు, మేడం నంబరున్నది, వాళ్ళమ్మనే అడుగుదం, ఏం కోటు కావాలె, ఏం బూట్లు కావాలె అని. కొంత చాయ్ పోసుకో. బస్సుకు టైమైతదా? సరే పో. సల్లగుండు బిడ్డా...

అరె, ఆగాగు. రష్యాకు పోయేటోనికి సల్లగుండు అనొద్దేమో. ఎచ్చగుండు.