నలభై ఒకటో నంబరు కవరు

సార్నియా, జనవరి ఆదివారం, ఉదయం పదిన్నర. రత్నరాజు ఇంటి గ్యారేజీ తలుపు దించి ఉంది. లోపల కారు, పనిబల్ల, బల్లకు బిగించిన ఇనుప వైస్, వైస్ దవడల మధ్య కిరీటి ఎడమచేతి వేళ్ళు.

“...ఇంకో అర తిప్పు తిప్పానంటే చూపుడు వేలు పోద్ది. కదలకు. అడిగినదానికి చెప్పు.”

“అంకుల్, మీరు పైపు పట్టుకోమంటే లోపలికొచ్చిన. షాలేమ్ అన్నను చర్చికి తీసుకపోదామని వచ్చిన. చర్చి వ్యాన్ స్టార్ట్‌లోనే ఉంది బయట.”

“ఆపేశా. తాళం నా జేబులో ఉంది. ఏంటీ కవరు?”

“కానుక కవరు.”

“మీద నంబరు?”

“నలభై ఒకటి.”

“ఎవరిది?”

“మీ ఇంటిదే అంకుల్. చర్చిలో ఇంటికొక నంబరు ఇస్తరు కదా, ట్యాక్స్ రసీదు కోసం.”

“నేను చర్చికొచ్చి ఎన్నాళ్ళయింది?”

“నేనైతే ఆంటీ అంత్యక్రియల రోజే చూసిన మిమ్మల్ని.”

“లోపల చీటీ. ‘మైనస్ ముప్పావు, ఒకటి పాయింట్ తొంభై నాలుగు, పెట్టేసిన.’ కింద నీ ఫోన్ నంబరు. పదకొండు నెలల కింద నా భార్య 402 హైవే మీద చచ్చిపోయినప్పుడు, దాని హ్యాండ్‌బ్యాగులో ఇలాంటి చీటీయే ఉంది. అప్పుడు అర్థం కాలా. నిన్న మంచు మీద చల్లే ఉప్పు కోసం బేస్‌మెంట్‌లోకి దిగితే, నా బామ్మర్ది షాలేమ్ కోటు జేబులో ఈ కవరు. నిండా నోట్లు. ఇప్పుడు అర్థమైంది. ఏంట్రా ముప్పావు?”

“ఫుట్‌బాల్ అంకుల్.”

“ఫుట్‌బాల్‌లో ముప్పావు ఏంటి? పాలా, నూనా?”

“ముప్పావు గోలు. మనం పెట్టిన టీమ్ రెండు గోల్స్ తేడాతో గెలిస్తే పందెం మొత్తం గెలిచినట్టు, డాలరుకు ఒకటి పాయింట్ తొంభై నాలుగు వస్తది. ఒక్క గోలుతో గెలిస్తే సగమే గెలిచినట్టు, మిగతా సగం మన పైసలు మనకిస్తరు... అంకుల్, చెయ్యి తిమ్మిరెక్కింది, కొంచెం వదులు చెయ్యండి—”

“తిమ్మిరి మంచిదే, నొప్పి తెలీదు. నువ్వెవడివి ఇందులో? బుక్కీవా?”

“కాదు కాదు. నేను మధ్యల. మార్కమ్ అనే ఊర్ల ఒక బ్రోకర్ ఉన్నడు. కాలేజీ పిల్లలు, ప్లాంట్ వాళ్ళు నాకు మెసేజ్ చేస్తరు. నేను బ్రోకర్‌కు పంపిస్త. ఆయన ఏషియాలో ఉన్న బుక్కీల దగ్గర పెడతడు. పైసలు మాత్రం ఆదివారం వ్యాన్‌లో, ఈ కవర్లలో. పేర్లు రాయం. కవరు నంబరే పేరు.”

“దేవుడి కవర్లో పందెం డబ్బు.”

“ఎవరికీ అనుమానం రాదని.”

“పాస్టరుకి తెలుసా?”

“తెల్వదు అంకుల్. ఆయన కానుక కవరు ఆయనకు వేరే వెళ్తది. రెండు కవర్లు.”

“ఇక్కడ పందేల కంపెనీలు లేవా? టీవీ పెడితే వాటి ప్రకటనలేగా.”

“ఇక్కడోళ్ళు గెలిచేటోళ్ళను ఉండనియ్యరు. నాలుగు వారాలు గెలిస్తే ఐదో వారం రెండు డాలర్లు మించి పెట్టనియ్యరు. ఆ ఏషియా బుక్కీలు గెలిచినా పొమ్మనరు. కానీ మనలాంటోళ్ళకు నేరుగా అకౌంట్ ఇయ్యరు. అందుకే బ్రోకర్.”

“అంటే నలభై ఒకటి బాగా గెలిచేవాడన్నమాట. ఆ రెంచ్ వంక ఎందుకు చూస్తున్నావు?”

“దాని మీద... అది తుప్పా అంకుల్?”

“తుప్పే అనుకో.”

“షాలేమ్ అన్న ఏడి?”

“ముందు నలభై ఒకటి ఎవడో నువ్వు చెప్పు. తర్వాత వాడెక్కడున్నాడో నేను చెబుతా.”

“నాకు నంబర్లే తెలుసు అంకుల్. మనుషులు తెల్వదు.”

“నేను చెబుతా విను. ఇంట్లో ముగ్గురం. నేను ఆ కవర్లు ముట్టను. నా భార్య సుందరి పందెం కాసే మనిషి కాదు, కూరగాయల దగ్గర కూడా బేరమాడలేదు. మిగిలింది ఎవడు? వాడు పందేల అప్పుల్లో మునిగుంటాడు, అక్క దగ్గర ఏడ్చుంటాడు. వీడి కోసమే అది ఆ మంచు తుఫానులో బయలుదేరింది. కారు బోర్లాపడి చచ్చింది. నేను ప్లాంట్‌లో ఉన్నా. షిఫ్ట్ మధ్యలో పోలీసులు ఫోన్ చేశారు. నీ నోటితో ఒక్క మాట కావాలి నాకు. ‘నలభై ఒకటి షాలేమ్’ అను. వ్యాన్ తాళం ఇచ్చేస్తా.”

“అంటే పోనిస్తరా?”

“పోనిస్తా.”

“అన్నను ఏం చేస్తరు?”

“అది బావాబామ్మర్దుల సంగతి. నీకెందుకు?”

“నిజంగా నాకు తెల్వదు అంకుల్, నేను ఉత్త— అమ్మా! అమ్మా! వద్దు, వద్దు, వద్దు—”

“అర తిప్పే.”

“విరిగింది... వేలు విరిగిందంకుల్...”

“ఇంకా మూడున్నాయి దవడలో. ముప్పై ఏళ్ళు పైపులు బిగించా. ఎక్కడ ఆపాలో నా చేతికి తెలుసు. చెప్పు.”

“షాలేమ్! షాలేమ్ అన్నే! నలభై ఒకటి షాలేమ్ అన్నే! విప్పండి!”

“మళ్ళీ అను.”

“షాలేమ్ రాజు. ఒట్టు.”

“చూశావా? ఇంత మాటకి వేలు పోగొట్టుకున్నావు.”

“అంకుల్... ఆ చప్పుడేంది?”

“ఏ చప్పుడు?”

“కారులోంచి. ఎవరో తన్నుతున్నట్టు.”

“చలికి రేకు చప్పుడు.”

“కాదు, డిక్కీలోంచి వస్తుంది. అంకుల్, డిక్కీలో ఎవరున్నరు?”

“ఇప్పుడు నువ్వు పేరు చెప్పావే, వాడే.”

“దేవుడా.”

“పొద్దున్న ఎనిమిదింటికి నా వాకిట్లో మంచు తీస్తున్నాడు, పార పట్టుకుని, వంగి. వెనక నుంచి మొదటి దెబ్బ. కవరు మొహాన కొట్టి అడిగా. అవుననలేదు, కాదనలేదు. ‘బావా, లోపలికెళ్ళి మాట్లాడుకుందాం, నీకు చలిగా ఉంటది’ అన్నాడు. మోకాలు విరగ్గొట్టా. అప్పుడూ అదే మాట.”

“మైనస్ పద్దెనిమిది ఉంది అంకుల్! ఈ గ్యారేజీలో హీటర్ కూడా లేదు!”

“అదీ చలిలోనే పోయింది. కాలవలో, తలకిందులుగా, రెండు గంటలు. వీడికీ ఆ చలి తెలియాలి. నువ్వెళ్ళాక నది దాకా తీసుకెళ్తా.”

“వద్దంకుల్, మీ కాళ్ళు మొక్కుతా—”

“నీ ఫోన్ మోగుతోంది. హోప్ అని పడింది. ఎవరు?”

“కాలేజీ అమ్మాయి. ఐదుగురు నిలబడ్డరు వ్యాన్ కోసం.”

“నిలబడనీ.”

“అంకుల్, ఫోన్ విసిరెయ్యకండి! అందులోనే ఉంది మొత్తం. నేను అబద్ధం చెప్పిన. షాలేమ్ అన్న కాదు.”

“వేలు పోయాక మాట మారుస్తావేంట్రా?”

“ఇంకో వేలు కూడా తీస్కోండి. ఆయనను చంపుతరని తెలిస్తే చెప్పకపోతుంటి. షాలేమ్ అన్న జిందగీల ఒక్క మ్యాచ్ చూడలే. నలభై ఒకటి ఆంటీ.”

“ఏ ఆంటీ?”

“జ్ఞానసుందరి ఆంటీ.”

“నోరు ముయ్యి.”

“ఆమె పనిచేసిన నర్సింగ్ హోమ్‌లో ఒక ఇటలీ తాత ఉండె. శనివారం పొద్దున మ్యాచ్‌లు పెట్టుకునేటోడు. తినిపించుకుంట ఆమె కూడా చూసేది. ఆయనే నేర్పిండు. ఏ టీమ్‌లో ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు మొన్ననే ఆడి అలిసిపోయిండ్రు, అన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేది. మా అందరిలో గెలిచింది ఆమె ఒక్కతే అంకుల్—”

“దాని పేరెత్తితే పళ్ళు రాలగొడతా!”

“ఆ... కొట్టండి... ఇంకోటి కొట్టండి, కానీ వినండి.”

“దానికి డబ్బెందుకురా? నేను తిండి పెట్టలేదా? బట్టలు కొనలేదా?”

“ఆమె చెయ్యి రెండుసార్లు విరిగింది అంకుల్. బాత్రూమ్‌లో జారిన అన్నది. రెండుసార్లూ అదే అన్నది.”

“అది మా ఇంటి సంగతి.”

“గంట దూరంలో, ఇక్కడి లండన్ ఊర్ల, ఒక గది చూసుకుంది. మొదటి నెల, చివరి నెల అద్దె ముందే కట్టాలె. జీతం మీ అకౌంట్‌లో పడుతుండె. అందుకని పందేల మీద పోగేసింది. ఆ కవర్లో ఉన్నది ఆమె గెలిచిన చివరి పందెం. ఆమె పోయినంక నేనే షాలేమ్ అన్నకిచ్చిన. లెక్కపెట్టి చూడండి, ఒక్క నోటు తియ్యలే.”

“కథలు చెప్పకు. రుజువు చూపించు.”

“ఫోన్ తెరవండి. పాస్‌కోడ్ నాలుగు సున్నాలు. మెసేజుల్లో ‘41’ అని ఉంటది. పోయిన ఫిబ్రవరికి పోండి.”

“కళ్ళజోడు లోపలుంది. ఇదిగో, నీ మొహం ముందు పెడుతున్నా. చదువు.”

“‘కిరీటీ, గది తాళాలు ఈరోజే ఇస్తామన్నారు. బయలుదేరుతున్నా. నిన్నటి మ్యాచ్ డబ్బు వస్తే మా తమ్ముడికివ్వు. ఆయనకు తెలియనివ్వకు.’ ఒకటి నలభైకి.”

“కింద ఇంకేదో ఉంది.”

“ఏం లేదంకుల్.”

“ఉంది. గీతలు గీతలుగా.”

“వాయిస్ మెసేజ్. వద్దంకుల్. ముందు డిక్కీ తీయండి, తర్వాత వినండి—”

“నొక్కుతున్నా.”

“‘కిరీటీ... వెనక ఆయన ట్రక్కు వస్తోందయ్యా. లైట్లు కొడుతున్నారు. రోడ్డు కనపట్టల్లేదు నాకు. దగ్గరికొచ్చేస్తున్నారు, ఆనుకుని వచ్చేస్తున్నారు, మా తమ్ముడికి చెప్పు...’”

“రెండు ఇరవైకి వచ్చింది అంకుల్. మీరు ప్లాంట్‌లో ఉన్నానన్నరు.”

“ఆపమని లైట్లు కొట్టా. ఆపుద్దనుకున్నా. అది ఇంకా తొక్కింది.”

“చప్పుడు ఆగిపోయిందంకుల్. వింటున్నరా? డిక్కీలో చప్పుడు లేదు. తాళం తీయండి!”

“ఇది షాలేమ్ విన్నాడా?”

“తాళం తీయండి అంకుల్!”

“విన్నాడా లేదా?”

“విన్నడు. ఆంటీని పాతిపెట్టిన రోజే వినిపించిన. పోలీసులకిద్దాం అన్న.”

“మరెందుకివ్వలా? అంతా తెలిసి పదకొండు నెలలు నా ఇంట్లో ఎందుకున్నాడు? నాకెందుకు వండి పెట్టాడు? నా వాకిట్లో మంచెందుకు తీశాడు?”

“నేనూ అదే అడిగిన. ‘అక్క ఎలాగూ లేదు. నేనూ పోతే బావకు ఎవరున్నార్రా’ అన్నడు.”