తూము తీసే రోజు

ఆకివీడు దగ్గర చేపల చెరువు గట్టు మీద, పశువుల జబ్బుల మీద బయోవెటర్నరీ సైన్స్ చదివే అమ్మాయి సీసాలో నీళ్లు పట్టింది. చెరువు యజమాని ఆమెను గుర్తుపట్టాడు.

“గేదెలు చచ్చిపోయాయే, ఆ జోగారావు కూతురివి కదూ?”

“అవునండీ. మీరు కాలవలోకి వదిలిన నీళ్లు తాగే చచ్చాయి.”

“ఏదో తెగులమ్మా అది.”

“ఆ మాట మీరన్నదేనండీ. నాన్న బతిమాలినా పశువుల డాక్టర్ని కోసి చూడనివ్వకుండా పూడ్పించేశారు. అందులో ఒకటి చూడిది. అందుకే ఈ చదువులో చేరాను.”

“యూనివర్సిటీ పంపిందనుకున్నాను. పగ తీర్చుకోవడానికొచ్చావా?”

“రెండూనండీ. ఇవాళ మళ్లీ తూము తీస్తున్నారటగా?”

“ఈ నీళ్లలో విషమేమీ లేదమ్మా, ఒట్టు.”

“అయితే ఒక్క గుక్క తాగండి. మిగతావి ఇక్కడే పారబోసి వెళ్లిపోతాను.”

ఆయన చెయ్యి చాపలేదు. ఆమె సీసా మూత బిగించింది.