తెర లోపలి మూగతనం

హిందూపురంలో ఉద్యోగానికి పరీక్ష అయ్యాక, చూపులేని ఒక పిల్ల తన అవ్వతో ధర్మవరం బస్సెక్కి నా ముందు సీటులో కూర్చుంది.

"ఏమ్మే, మొగం అట్ల పెట్టినావు?"

"కంప్యూటర్ తెర లోపలే ఇంకో కంప్యూటర్ తెరిచి పెట్టినారవ్వా. పరీక్షంతా దాంట్లోనే."

"తెర మీద ఉండేదంతా కంప్యూటరే నీకు చదివి చెప్తాది గదా?"

"బయటిదే చెప్తాది. లోపలిదానికి మాటలు వేరేగా ఆన్ చేయల్ల."

"అడగలేకపోయినావా?"

"ఆడుండే సార్లను అడిగినా. మాటలు ఆన్ చేసే ఎర్రగుర్తు తెర మీద ఉండాది, చూసి నొక్కమన్యారు."

"చూసి నొక్కల్లనా! వాళ్ళే నొక్కింటే చెయ్యి అరిగిపోతాదా?"

"పరీక్షలో ఒకరి మౌస్ ఇంకొకరు ముట్టగూడదంట. ఊరికే కూచున్యా."

"కడాకు ఏమన్యారు?"

"'ఒక్కటీ రాయలేదే, ఈసారి బాగా చదువుకోని రామ్మా' అన్యారు."