ఊ కొట్టినందుకు

ఏమ్మా, ఇందాకట్నుంచి ఇద్దరూ ఊ ఊ అంటా ఉండారే, దేనికి? అవ్వ చెప్పేది వింటా ఉండామనా, అవ్వ చెప్పిందానికి ఒప్పుకుంటా ఉండామనా?

నవ్వొద్దు మోహనా. ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల. వింటా ఉండామని, అంతే గదా? రాజు కొడుకును పులి తినేసింది అని చెప్పినా ఊ అంటాము. అంటే? పులి తినడం మనకు ఇష్టమనా?

మరి ఇంత చిన్న సంగతి, అంతంత చదువులు చదివిన ఆఫీసర్లకు తెలీదంటే నేను నమ్మాలనా?

జయంతీ, ఆ ఫోను పక్కన పెట్టు. మళ్లీ ఆ మీటింగు వీడియోనే గదా? పెట్టమంటా ఉండానా!

నీ చెల్లెలు మోహన ఆ దినం తిరుపతిలో ఉన్నింది, దానికి తెలీదు. మొదట్నుంచి చెప్తాను. మన నల్లమిట్టపాళెం ఒడ్డున అణువిద్యుత్ కేంద్రం కడతామన్నారు. అణువంటే ఏమి మోహనా? ఆఁ, కంటికి కనపడనంత చిన్నది. దాన్ని పగలగొడితే పుట్టే వేడితో నీళ్లు కాంచి కరెంటు తీస్తారు. తీసినాక బూడిద మాదిరి ఒకటి మిగులుతుంది. అంట్లు తోముకునే బూడిద కాదు తల్లీ. వేల ఏండ్లు పోయినా దాని విషం చావదు. దాన్ని యాడ పెడతారు? అది నా మొదటి ప్రశ్న.

రెండోది. పంచాయతీ గోడకు అంటించిన మ్యాపులో, ఫ్యాక్టరీకి ఉత్తరంగా ఒక చదరం గీసి 'మిలిటరీ క్యాంపు, ప్రవేశం నిషేధం' అని రాసినారు. నేను స్కేలు తీసుకొనిపోయి కొలిచినాను. మన పడవలు ఎక్కించుకునే ఇసుకంతా ఆ చదరంలోనే ఉండాది! శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు సముద్రంలోకి పోవద్దంటారు. ఒక్కరోజే గదా అని వలలు బాగుచేసుకుంటా కూర్చుంటాము. దినామూ తుపాకులు పట్టుకొని నిలబడితే? ఎవురి మీదకి యుద్ధం, ఈడ? "మన చేపల గంపల మీదికి టీచరమ్మా" అనింది ఎస్తేరు.

ఎస్తేరు అంటే పోరాట కమిటీ పెట్టింది, ఆ ఎస్తేరే. తడ సంతలో చేపలమ్ముతుంది. నా దగ్గరే ఐదు దాకా చదివింది. సర్కారోళ్లు ప్రజాభిప్రాయ సేకరణ అని మీటింగు పెడితే, ముందురోజే ఇంటింటికీ తిరిగి చెప్పింది: "సారోళ్లు మాట్లాడేటప్పుడు ఒక్కరూ నోరు తెరవగూడదు. కడాన నేను లేస్తాను. అందరూ లేచి వద్దు అనాల. అంతే, ఒకటే మాట."

రెండు వందల మంది ఆడవాళ్లు వచ్చినారు. నేను ముందు వరసలో, నా రెండు ప్రశ్నలూ చీటీలో రాసుకొని కూర్చున్నాను.

పెద్ద సారు చదవడం మొదలుపెట్టినాడు. పెద్ద సారంటే వయసులో చిన్నోడే, మీసం కూడా సరిగ్గా లేదు. "ఈ కేంద్రము వలన ఎట్టి ప్రమాదమూ లేదు." ఎవురూ పలకలేదు. ఒక పేజీ తిప్పినాడు, చెమట తుడుచుకున్నాడు, మా వైపు చూసినాడు. ఎవురూ పలకలేదు. నా వెనక ఎవురో పెద్దగా ఆవలించినారు. ఆ సారు ముఖం చూడాల! పాఠం అప్పజెప్తా మధ్యలో మరిచిపోయిన బిడ్డ మాదిరి...

అప్పుడే ఆ గొంతు వినపడింది. వీడియోలో ఉండేదే. "గోడకు చెప్పినట్టుండాదే, ఊ కొట్టండే!"

అంతే. రెండు వందల మందీ ఊ అన్నారు.

"పడవలకు వేరే స్థలము చూపబడును." ఊ. "గ్రామస్తులు సహకరింతురని ఆశిస్తున్నాము." ఊ. ఎస్తేరు వెనక్కి తిరిగి కళ్లెర్రజేసింది. ఎవురు చూసినారు? ఆమె లేచేలోపల మైకు కట్టేసినారు, సార్లు కారెక్కేసినారు. వద్దు అనే మాట ఖాళీ కుర్చీలకు చెప్పినాము.

నాలుగో దినం కాగితం వచ్చింది. 'హాజరైన మహిళలు ప్రతి అంశమునకూ ముక్తకంఠముతో అంగీకారము తెలిపిరి.' ముక్తకంఠం! ఆ మాటకు అర్థం నేను ఎంతమందికి నేర్పించి ఉంటానో.

ఇంక ఊరంతా ఒకటే ప్రశ్న. ఊ కొట్టమనింది ఎవురు? వీడియోలో ఆ మాట వినపడేటప్పుడు మన కమిటీలో ఉండే రెబెకా ముఖం కనపడుతుంది, నోరు తెరిచి ఉంటుంది. దగ్గుతా ఉండాది పాపం, దానికి ఆయాసం. కానీ దాని మొగుడు దయానంద్ కంపెనీవాళ్ల సర్వే షెడ్డు కాడ వాచ్‌మన్ పనికి కుదిరినాడు గదా, ఇంకేం కావాల? అమ్ముడుపోయిందన్నారు. కొళాయి కాడ దాని బిందె పక్కకి తోసేసినారు. ఆదివారం చర్చిలో దాని పక్కన ఎవురూ కూర్చోలేదంట. "నేను కాదక్కా" అని ఏడిస్తే, "ఇంకెవురే, దయ్యమా?" అనింది ఎస్తేరు.

ఈ పొద్దు నాలుగు గంటలకి కమిటీ మీటింగు. రెబెకాను కమిటీలోంచి తీసేస్తారు. ఆ సేకరణ చెల్లదని తిరుపతిలో కలెక్టరుకు పంపే అర్జీలో దాని పేరు పెడతారు. అర్జీ రాసేది ఎవురు? నేనే. దస్తూరి బాగుంటుందని ఎప్పుడూ నాకే ఇస్తారు. పొద్దున్నుంచి రాస్తా ఉండాను. 'నాలుగో అంశం: కంపెనీవారు ముందుగా మాట్లాడుకొన్న రెబెకా అను స్త్రీ' అనేదాకా వచ్చి, పెన్ను పక్కన పెట్టేసి మీ కాడికొచ్చి కూర్చున్నాను.

ఒకటి ఆలోచించండి. రెబెకా మాట రెండు వందల మంది వింటారా? దాని మాట దాని మొగుడే వినడు! ఒక్క అరుపుకు, ఎస్తేరు నోరు తెరవొద్దని అంతగా చెప్పినా, అంతమంది ఒకేసారి పలికినారంటే... అది ఎవురి గొంతయి ఉంటుంది?

ముప్పై రెండేండ్లు ఈ ఊరి బడిలో పాఠం చెప్పినాను. చెప్తా చెప్తా మధ్యలో ఆగి, ఊ కొట్టండే అంటాను. ఊ రాకుంటే ముందుకు పోను. ఆ షామియానా కింద ఉండినోళ్లలో సగం మంది నా బిడ్డలే.

తల దించుకుంటా ఉండావెందుకు జయంతీ? నీకు తెలుసు. మొన్న మూడుసార్లు ఆ వీడియో పెట్టి, నా ముఖం చూసినావు. నేను చింతపండు పిసుకుతా కూర్చున్నాను.

అనాలని అనలేదే. నోటికి అలవాటు, దూకేసింది. చీటీలో రెండు ప్రశ్నలూ అట్లే ఉండిపోయినాయి.

పన్నెండు దినాలు నాకు నేను ఏమని చెప్పుకున్నానో తెలుసా? నేను బయటపడితే, 'మీ టీచరే ఒప్పుకోమనింది గదా' అని ఆఫీసర్లు అంటారు, అర్జీ చెల్లదు, ఊరు పోతుంది, అందుకే గమ్మున ఉండాను అని. అంతా అబద్ధం. సిగ్గు, అంతే. ఎస్తేరు నన్ను ఆ చూపు చూస్తుందని భయం. ఒక బిడ్డ మీద నింద పడతా ఉంటే, టీచరమ్మ అనే పేరు కోసం నోరు మూసుకున్నాను.

ఊ అంటే విన్నామని, ఒప్పుకున్నామని కాదు అని సంతకం పెట్టి చెప్పగలిగేది కూడా నేను ఒక్కదాన్నే. దాంతో అర్జీ చెల్లుతుందో చెల్లదో నాకు తెలీదు. ఎస్తేరు నన్ను ఇంక గడప తొక్కనీకపోవచ్చు. తొక్కనీకపోతే ఏం చేస్తాము!

టైమెంత? మూడుంబావా? ఆ కళ్లజోడిట్లా ఇయ్యి. మోహనా, చట్టిలో మజ్జిగన్నం ఉండాది, ఇద్దరూ తినండి. నాలుగో అంశంలో ఆ పేరు కొట్టేసి నా పేరు రాయాల, తొందరగా పోవాల.