జనాబాయక్క అడిగిన ఒక్క పేరు

అధ్యక్ష స్థానంల కూసున్న మన తెలుగు సమాజం పెద్దలు బాబురావు గారికి, నేను రాసిందాన్ని ఇరవయ్యేడేండ్లు కోసి కోసి అలసిపోయిన మా సంపాదకులు గజానన్ సార్‌కు, ముందు వరుసల కూసున్న అక్కలకు, అన్నలకు, వెనుక తలుపు కాడ నిలవడి చాయ్ ఎప్పుడస్తదా అని చూస్తున్న దోస్తులకు, అందరికీ ఇవాళ రిటైరైతున్న ఈ అంబదాస్ దండాలు. (నవ్వులు)

బాబురావు గారు శాలు కప్పి, కొబ్బరికాయ చేతిల వెట్టి నన్ను చాన పొగిడిండ్రు. ఎవ్వరికి లొంగని విలేఖరి అన్నరు. ఆ మాట కాడనే నాకు కొంచెం పని వడ్డది. దాని మీదనే నాలుగు మాటలు చెప్పి కూసుంట.

నాందేడ్‌ల ఒక మరాఠీ పేపర్‌కు స్కూల్ పిల్లల ఆటల వార్తలు రాసుడంటె ఏందో చాన మందికి తెల్వదు. పిల్లలతోటి నాకు ఏనాడు తిప్పల లేదు. ఆడుతరు, గెలిస్తె ఎగురుతరు, ఓడితె జరసేపు ఏడ్సి, వడాపావ్ తిని మర్సిపోతరు. తిప్పలంత గీత బయట నిలవడ్డ తల్లిదండ్రులతోటే. ఇగో, మూడో వరుసల సంగప్ప మామ ఉన్నడు. తల దించుకోకు మామా, నేను మంచిగనే చెప్త. ముఖేడ్‌ల దుకాణం బందు వెట్టి, కొడుకు శుభం ఉరుకుడు పోటీకి అచ్చిండు. శుభం నాలుగో నంబర్ అచ్చిండు. పొద్దుగూకె యాళ్లకు మామ మా ఆఫీసుకే అచ్చి, కుర్చీ దగ్గరికి గుంజుకొని, "అంబదాస్, నాలుగో నంబర్ అని పెద్దక్షరాల రాయి, నలుగురే ఉరికిండ్రని మాత్రం రాయకు" అన్నడు. (పెద్దగా నవ్వులు) మళ్ల తెల్లారి ఫోన్ చేసి, ఫొటో ఎందుకు వెయ్యలేదని కొట్లాడినవు, యాదికున్నదా మామా? (సంగప్ప గారు చెయ్యెత్తి ఒప్పుకున్నారు)

ఇసొంటోళ్లు ఒక్కలు కాదు. అందుకే నేను కొన్ని కట్టుబాట్లు వెట్టుకున్న. ఆట అయ్యేదాక స్కోరు రాసేటోళ్ల బల్ల ఇడిచి కదలొద్దు. పిల్లల తల్లిదండ్రుల ఇంట్ల చాయ్ కూడ తాగొద్దు. ఎవరన్న పేరు రాయమని వెంటవడితె, ఆ పిల్ల ఆటను ఒకటికి రెండుసార్లు చూసి రాయాలె. మొదట్ల మంచిగనే నడిచింది. పోను పోను ఏమైందంటె, రెండుసార్లు చూసుడు పోయింది, అడిగినోళ్ల పేరు కొట్టేసుడు మిగిలింది. దాన్ని నేను నిజాయితీ అనుకున్న. నా భార్య ఉమాబాయి అప్పుడే అన్నది, "తల్లిదండ్రుల మీది కోపం పిల్లల మీద తీస్తున్నరు" అని. ఇన్ననా? ఇనలే.

పందొమ్మిదేండ్ల కింద జిల్లా స్కూల్ ఖోఖో పోటీలు ఇక్కడనే అయినయి. ఆ పొద్దు ఏడుగురు తల్లిదండ్రులు నన్ను పట్టుకున్నరు. ఒకాయనైతె బిడ్డ పేరు రాస్తనని చెప్పెదాక నా స్కూటర్ తాళం ఇయ్యలే. అందరికన్న ఆఖరుకు మర్ఖేల్ నుంచి జీపుల నిలవడి అచ్చిన ఒకామె, చేన్ల పని ఇడిచి అచ్చింది, జనాబాయక్క. "తమ్మీ, నా బిడ్డ ప్రాజక్త పేరు పేపర్ల రాయరాదె" అన్నది. సరే అక్కా అన్న. ఆట నడుమ మళ్ల అచ్చింది. ఆట అయినంక మళ్ల అచ్చి, నా నోట్‌బుక్ పట్టుకొని, "ఏడ రాసినవు, సూపియ్యి" అన్నది. నాకు ఒళ్లు మండింది. "పేరు కోసం గింత ఆరాటమెందుకక్కా, ఇంత సిగ్గుండాలె" అని అందరి ముందట అన్న. ఆమె కొంగు సదురుకొని పోయింది.

మరి ప్రాజక్త ఆడలేదా అంటె, ఆడింది. ఎదుటి జట్టోళ్లు తొమ్మిది మంది తరుముతుంటె రెండు నిమిషాల యాభై సెకన్లు దొరకలే. ఆ పోటీలల్ల గంత ఆట ఇంకో పిల్ల ఆడలే. ఇగో, ఆ నోట్‌బుక్ తెచ్చిన. ఈ అంకె చుట్టు నేనే గీత గీసుకున్న. కాని ఆఫీసుకు పోయి, "మర్ఖేల్ జట్టు ఒక్క పాయింట్ తోటి ఓడింది" అని రాసి పెన్ను పక్కకు వెట్టిన. పేరు రాయలే. మర్సిపోలే, కావాలనే రాయలే. ఆమెకు మంచిగ బుద్ధి చెప్పిన అనుకొని, ఇంటికి పోయి కడుపు నిండ తిన్న.

(నోట్‌బుక్ మూసి పక్కన పెట్టారు)

మర్సటేడు మర్ఖేల్ జట్టు అచ్చింది, ప్రాజక్త రాలే. ఏదని వాళ్ల సార్‌ను అడిగిన. బడి మానిపించిండ్రు అన్నడు. ఆ పిల్ల తాత ముందే చెప్పిండట, "పేపర్ల పేరస్తె ఆటకు, పై చదువుకు పంపిస్త, రాకుంటె ఇదే ఆఖరు" అని. మా పేపరు ఆ ఊరికి బస్సుల పోయింది. జనాబాయక్కకు చదువు రాదు. అందుకని ఊర్ల నలుగురితోటి ఆ వార్త చదివించిందట. ఒక్కలు కాకుంటె ఒక్కలకన్న పేరు కనవడ్తదేమో అని.

ఆరాటమెందుకక్కా అని నేను అడిగిన గని, ఆమె చెప్పెదాక ఆగలే. తర్వాతన్న పోయి తప్పయిందని చెప్పొచ్చు గద? మర్ఖేల్ పక్కనున్న దేగ్లూర్ దాక ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు, మొన్నటిదాక ఆ ఊరి దారి పట్టలే. భయం. అంతే, ఇంకో మాట లేదు.

పోయిన నెల చిన్న పిల్లల ఖోఖో పోటీలకు పోయిన. ఒక పిల్ల మంచిగ ఆడుతున్నది. కాయితాల మీద పిల్ల పేరు పక్కన తల్లి పేరు ఉంటది గద, చూస్తె ప్రాజక్త. ఎప్పటి లెక్కనే తల్లులు, తండ్రులు నా చుట్టు మూగిండ్రు. ప్రాజక్త మాత్రం అవుతల గోడ కాడ నిలవడి ఉన్నది. నేనే పోయిన. "నన్ను గుర్తువట్టినవా బిడ్డా?" అన్న. "గుర్తువట్టిన సార్" అన్నది. "మరి దగ్గరికి రాలేదేంది? అందరు అడుగుతున్నరు గద?" అన్న. ఆ పిల్ల కోపంగ చెప్పలే, బస్సు టైమ్ చెప్పినట్టు చెప్పింది.

"అడిగితె పేరు కోసేస్తరు, నువ్వు దూరమే ఉండు అని అమ్మ చెప్పి పంపింది సార్."

ఎవ్వరికి లొంగని విలేఖరి అంటె ఇదీ బాబురావు గారూ.

మొన్న గజానన్ సార్ అడిగిండు, పోయేటప్పుడు ఏం కావాలె అని. పేపర్ల ఐదు లైన్ల జాగ కావాలె అన్న. "పందొమ్మిదేండ్ల పాత వార్తకు సవరణ ఎవరన్న ఏస్తరా?" అన్నడు, అని కూడ ఏసిండు. ఇవాళ్టి పేపర్ల ఐదో పేజీల ఉన్నది. మరాఠీల ఉన్నదాన్ని తెలుగుల చదువుత. "నాటి జిల్లా ఖోఖో పోటీలల్ల మర్ఖేల్ విద్యార్థిని ప్రాజక్త రెండు నిమిషాల యాభై సెకన్లు దొరకకుండ ఆడింది. అందరికన్న మంచి ఆట ఆమెదే. ఆమె పేరు రాయకపోవుడు మా విలేఖరి కావాలని చేసిన తప్పు."

దీంతోటి ఆ పిల్ల బడి తిరిగి రాదు. నాకు తెలుసు. రేపటి నుంచి నా జాగల రూపాలి అస్తది. రూపాలీ, ఎవరన్న వెంటవడి మూడుసార్లు అడిగితె, కోపం రానియ్యి, తప్పు లేదు. కాని నాలుగో మాట నువ్వు అడుగు, ఎందుకని.

శాలు కప్పినోళ్లకు, ఇన్నేండ్లు నా సణుగుడు ఓర్సుకున్న ఉమాబాయికి, ఇంత తిట్టినా లేసిపోని సంగప్ప మామకు, అందరికీ చాన చాన కృతజ్ఞతలు. మర్ఖేల్ నుంచి జనాబాయక్క అచ్చింది, కుడి దిక్కు ఆఖరు కుర్చీల. మొన్న నేనే పోయి పిలిచిన, ఎందుకో మాత్రం చెప్పలే.

(జనాబాయి గారు లేచి ఏదో అన్నారు)

ఏమంటున్నవక్కా? (ఆగి) వెనుకోళ్లకు ఇనవడనట్టున్నది. "ఏడ రాసినవు, సూపియ్యి" అంటున్నది.

అస్తున్న అక్కా, పేపరు పట్టుకొని నీ కాడికే అస్తున్న. ఇగ నాకు సెలవు ఇయ్యుండ్రి.